పొట్టేలును కొనకముందు తల్లి గొర్రెను చూడండి



ధ్యానమునకు వాక్యభాగములు: ఆదికాండము 30:25–43, ఆదికాండము 33:12–14, లేవీయకాండము 19:19, సామెతలు 27:23–27. దయచేసి ముందుగా వీటిని బైబిలు తెరచి చదువుకొని, తర్వాత ఇది చదవండి.

ప్రియులారా, ఈ వారము మేము రాస్తున్నది గొర్రెల గురించి. ప్రసంగాల్లో చెప్పుకునే గొర్రెలు కావు, మన పాలమూరు దొడ్లలో ఉన్న గొర్రెలు. మన సంఘములో సగం కుటుంబాలకు జీవాలే ఆధారము. అందుకే ఒక సహోదరుడు అడిగిన ప్రశ్నకు ఆయన ఒక్కరికే జవాబు చెప్పి ఊరుకోవడం సరికాదనిపించింది. ఆయన అనుమతితోనే, పేరు చెప్పకుండా రాస్తున్నాము.

ఆయనకు 30 నల్ల గొర్రెలు. తాత ముత్తాతల నుండి వచ్చిన మంద. పోయిన సంవత్సరం దీపావళి దాటాక, భార్య చెవి కమ్మలు తాకట్టు పెట్టి, వేరే ప్రాంతం నుండి ఒక పెద్ద పొట్టేలును కొనుక్కొచ్చాడు. ఎత్తయిన పొట్టేలు, పొడుగు కాళ్ళు, చూడముచ్చటగా ఉంది. దాని పిల్లలు తొందరగా బరువు పెరుగుతాయని, సంతలో మంచి ధర పలుకుతాయని అమ్మినవాళ్ళు చెప్పారు. ఆ ఆదివారము ఆయన ఇంటికి వెళ్ళి, దొడ్డిలో నిలబడి, ఆ పొట్టేలు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినది మేమే.

ఏప్రిల్ నెలాఖరులో ఈతలు మొదలయ్యాయి. తొలిచూలు గొర్రెలు ఏడు ఉంటే, వాటిలో నాలుగు పిల్ల పెద్దదై ఈనలేక చనిపోయాయి. మిగిలిన గొర్రెలు ఈనాయి గానీ, ఎండలకు బీడు మాడిపోయి మేత లేదు, పొదుగులో పాలు లేవు. పుట్టినప్పుడు బొద్దుగా ఉన్న పిల్లలు పది రోజులకే ఎముకలు తేలాయి. మే నెల ముగిసేసరికి పదకొండు పిల్లలు పోయాయి.

అప్పుడు బంధువుల్లో ఒకరు ఆయనతో, "జాతి కలపొద్దని బైబిల్ల రాసుంది. నువ్వు కలిపినవ్, శాపం తగిలింది" అన్నారట. ఆ మాట ఆయన గుండెలో ముల్లులా దిగింది. ఒక రాత్రి మా ఇంటికి వచ్చి, గడప మీద కూర్చొని అడిగాడు: "అయ్యగారూ, నేను చేసింది పాపమైందా? దేవుడే కొట్టిండా?"

ఆ ప్రశ్నకు మా జవాబు ఇది.

వాక్యము దేనిని వద్దన్నది?

లేవీయకాండము 19:19లో వేరు వేరు జాతుల పశువులను జత కలపవద్దని ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ ఉన్న మాట నిజమే. అయితే మన తెలుగులో ఒక చిక్కు ఉంది. 'జాతి' అనే ఒక్క మాటనే మనము రెండు చోట్ల వాడుతాము. గొర్రె ఒక జాతి, గాడిద ఒక జాతి అంటాము. మళ్ళీ నెల్లూరు జాతి, దక్కని జాతి అని కూడా అంటాము. ఆ ఆజ్ఞ మొదటి అర్థములో చెప్పినది. ఎద్దు ఎద్దే, గాడిద గాడిదే. నెల్లూరు గొర్రె, మన నల్ల గొర్రె రెండూ గొర్రెలే. సృష్టిలో దేవుడు నిర్ణయించిన హద్దును ఆ సహోదరుడు దాటలేదు.

అదే వచనములో ఇంకా రెండు సంగతులున్నాయి. ఒకే చేనులో రెండు రకాల విత్తనాలు చల్లవద్దని, రెండు రకాల దారాలు కలిపి నేసిన బట్ట తొడుక్కోవద్దని. మనము జొన్నలో కంది సాళ్ళు వేస్తాము. టెరికాటన్ చొక్కా తొడుక్కొని ఆరాధనకు వస్తాము. వాటిని ఎవరూ శాపమనలేదు. అన్యజనులలో నుండి వచ్చిన విశ్వాసుల మీద ధర్మశాస్త్రపు కాడి మోపకూడదని అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయములో సంఘము తీర్మానించినది కూడా మరువకండి.

ఇంకొక సంగతి. గుర్రానికీ గాడిదకూ పుట్టేది కంచరగాడిద. దావీదు తన సొంత కంచరగాడిద మీద సొలొమోనును ఎక్కించి, రాజుగా అభిషేకము చేయించడానికి గీహోనుకు పంపినట్లు మొదటి రాజులు 1వ అధ్యాయములో చదువుతాము. సంకరమైన జంతువు శాపగ్రస్తమైతే దేవుడు ఏర్పరచుకొన్న రాజు దాని మీద ఊరేగేవాడా?

ఇక యాకోబును చూడండి. లాబాను మందలో ఏ గొర్రె ఏ పిల్లను కంటుందో ఇరవై ఏళ్ళు ఎండకూ మంచుకూ ఓర్చి కనిపెట్టినవాడు ఆయన. బలమైనవి చూలు కట్టే కాలమేదో, బలహీనమైనవి కట్టే కాలమేదో ఆయనకు తెలుసు. చారల చువ్వల వల్లనే పిల్లలు పుట్టాయని కొందరు అనుకుంటారు. కాని 31వ అధ్యాయములో దేవుడు ఆయనకు కలలో చూపించినది చువ్వలను కాదు, మందను దాటుతున్న పొట్టేళ్ళను. వృద్ధి దేవుని చేతిలో ఉన్నదని యాకోబు ఒప్పుకున్నాడు. అయినా మందను కనిపెట్టడం మానలేదు.

కాబట్టి సహోదరుడా, నీవు చేసినది పాపము కాదు, నీ దొడ్డిలో జరిగినది శాపమూ కాదు. లెక్క తప్పింది. ఆ లెక్క తప్పడంలో మాకూ భాగముంది. అది చివర చెప్తాము.

లెక్క ఎక్కడ తప్పింది?

మన నల్ల గొర్రె, అంటే దక్కని గొర్రె, ఈ మెట్ట నేలకు దేవుడిచ్చిన జీవము. పెద్దగా బరువు తూగదు గానీ ఎంత దూరమైనా నడుస్తుంది, కరువులో ముళ్ళకంప నమిలి బతుకుతుంది. రాత్రి చేనులో మంద పడితే ఆ చేనికి ఎరువు. దాని ఉన్నితోనే మన పెద్దల గొంగళ్ళు నేసేవారు. ఉన్నికి ధర పోయింది, మాంసానికి ధర పెరిగింది. అందువల్ల ముప్పై నలభై ఏళ్ళుగా మన కాపరులు ఉన్ని లేని నెల్లూరు పొట్టేళ్ళను తెచ్చి మందలో వదులుతున్నారు. నెల్లూరు గొర్రె మన దేశపు గొర్రెల్లో ఎత్తయినది. పల్ల, జోడిపి, దోర అని రంగును బట్టి దాన్ని మూడు రకాలుగా పిలుస్తారు. 2017లో తెలంగాణలో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చినప్పుడు, పక్క రాష్ట్రాల జీవాలు కూడా మన ఊళ్ళలోకి వచ్చాయి. నేడు మన చుట్టుపక్కల కల్తీ లేని నల్ల మంద వెదికితే గానీ దొరకదు.

రెండు వేరు వేరు రకాలు కలిసినప్పుడు పుట్టే పిల్లకు తల్లిదండ్రుల సగటు కంటే కొంత ఎక్కువ చురుకు, పెరుగుదల, బతికే శక్తి వస్తాయి. దీన్ని పశువైద్యులు సంకర బలమంటారు. ఇది నిజమైన మేలు. కాని ఈ బలము మొదటి తరములో ఉన్నంతగా తర్వాత ఉండదు. ఆ సంకర పిల్లలను వాటిలో వాటికే కలిపితే రెండో తరానికి ఆ అదనపు బలము సగానికి పడిపోతుంది. చూడటానికి బాగుందని సంకర పొట్టేలును ఉంచుకొని మంద మొత్తానికి కట్టించేవాళ్ళు ఇక్కడే మోసపోతారు.

అసలు ముఖ్యమైనది ఇంకొకటి. పిల్ల ఎంత పెరగాలో చెప్పే గుణంలో సగం పొట్టేలు నుండి వస్తుంది. ఆ పిల్లను ఐదు నెలలు మోసేది, దారి ఇచ్చి కనేది, పాలిచ్చి బతికించేది మాత్రం తల్లి ఒక్కటే. పొట్టేలు పెద్దదైనంత మాత్రాన తల్లి నడుము వెడల్పు కాదు, పొదుగు నిండదు, బీడు పచ్చబడదు. సహోదరుడు పొట్టేలును చూసి కొన్నాడు. తల్లుల వైపు చూడలేదు. నవంబరు ఆఖరున కట్టిస్తే ఏప్రిల్ ఆఖరున ఈనుతాయని వేళ్ళ మీద లెక్కపెట్టినా తెలిసేది. గోపురము కట్టేవాడు ముందుగా కూర్చొని ఖర్చు లెక్క చూసుకోవాలని లూకా 14లో ప్రభువు చెప్పినది ఇలాంటి వాటికే.

వేరే చోట్ల ఎలా చేస్తున్నారు?

సంకరము చేసి బాగుపడినవాళ్ళు లోకంలో ఉన్నారు. వాళ్ళు ఏ క్రమములో చేశారో చూడాలి.

గొర్రెపిల్లల మాంసానికి పేరుపొందిన బ్రిటన్ దేశంలో ఇది అంచెలంచెలుగా జరుగుతుంది. పైన కొండల మీద చలికీ వానకూ ఓర్చుకునే స్వేల్‌డేల్, బ్లాక్‌ఫేస్ వంటి గొర్రెలను శుద్ధంగా పెంచుతారు. వాటిలో కొన్నిటికి బ్లూఫేస్డ్ లెస్టర్ అనే పొట్టేలును కట్టిస్తారు. పుట్టిన ఆడపిల్లలు తల్లి నుండి ఓర్పును, తండ్రి నుండి కవలలు కనే గుణాన్ని, మంచి పాలను తెచ్చుకుంటాయి. వాటిని దిగువ పొలాల రైతులు కొని, టెక్సెల్, సఫోక్ వంటి కండగల పొట్టేళ్ళతో కట్టించి, ఆ పిల్లలను మాంసానికి అమ్ముతారు. అంటే కండగల పొట్టేలును తెచ్చేముందే, ఆ పిల్లను మోసి పెంచగల తల్లిని తయారు చేసుకుంటారు. ఇంకో సంగతి, ఆ మధ్య తరము ఆడ గొర్రెను వాళ్ళు 'మ్యూల్' అని పిలుస్తారు. అంటే కంచరగాడిద! దావీదు వాహనము పేరే. పైన కొండ మీద శుద్ధమైన మంద లేకపోతే కింద మ్యూల్ లేదు, మార్కెట్టుకు పిల్లలూ లేవు. ఇది గుర్తుంచుకోండి.

అంత దూరము ఎందుకు, మన పక్కనున్న మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ మన దక్కని గొర్రె మీదనే పని చేసింది. బెంగాల్ సుందరబన్ ప్రాంతములో గరోల్ అనే చిన్న గొర్రె ఉంది. బరువులో మన గొర్రెలో సగం ఉంటుందేమో. కాని రెండేసి పిల్లలను కనడం దానికి మామూలు. దాని రక్తములో ఉన్న ఒక్క జన్యువు వల్ల ఆ గుణము వస్తుంది. గరోల్‌ను దక్కనితో కలిపి, ఆ జన్యువు ఉన్నవాటినే రక్త పరీక్షతో ఏరి, మళ్ళీ మళ్ళీ పెద్ద శరీరము గల గొర్రెలతో కట్టిస్తూ వచ్చారు. ఎన్నో ఏళ్ళ తర్వాత శరీరము దక్కనిలా ఉండి, కవలలు కనే గొర్రె తయారైంది. దానికి నారి సువర్ణ అని పేరు పెట్టారు. ఆ జన్యువు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండూ వస్తే ముగ్గురు పిల్లలు కూడా పుట్టవచ్చు. మెట్ట నేల గొర్రెకు ముగ్గురిని సాకే పాలు ఉండవు. అందుకే ఒక్కటి చాలు. దీవెనకు కూడా కొలత ఉంటుంది, ప్రియులారా.

మన తెలుగు నేల మీద చిత్తూరు జిల్లా పలమనేరులో నెల్లూరు గొర్రెలకు డోర్సెట్, సఫోక్ అనే విదేశీ పొట్టేళ్ళను కలిపి చూశారు. 1990లో మొదలైన జాతీయ గొర్రెల అభివృద్ధి పథకములో మాత్రం నెల్లూరు గొర్రెను నెల్లూరులోనే మేలైనవాటిని ఎంపిక చేసి బాగుచేసే పని పెట్టుకున్నారు. బయటి నుండి తేవడం ఒక దారి, ఇంట ఉన్నదానిలో మేలైనది ఏరుకోవడం ఇంకొక దారి. రెండవ దారిలో కమ్మలు తాకట్టు పెట్టనక్కర లేదు.

మా అభిప్రాయము

కొందరు పెద్దలు సంకరమే వద్దు, పాతదే ఉంచండి అంటారు. వారి భయము అర్థము లేనిది కాదు. కాని పిల్లల ఫీజులు కట్టవలసిన కాపరికి పెద్ద పిల్ల అమ్మితే వచ్చే రెండు వేలు కూడా పెద్దవే. దానిని మేము తక్కువ చేయలేము. మరికొందరు నల్లవన్నీ అమ్మేసి పెద్దవాటిని తెచ్చుకోండి అంటారు. కరువు వచ్చిన ఏడు ఆ పెద్దవాటిని ఏమి పెట్టి సాకుతారో వాళ్ళు చెప్పరు. మేము చెప్పేది ఇది. సంకరము చేయండి, కాని తల్లికి భారము కాకుండా చేయండి.

మొదటిది, తొలిచూలు గొర్రెలకు, చిన్న శరీరము గలవాటికి పెద్ద పొట్టేలును వదలకండి. రెండు మూడు ఈతలు ఈనిన, నడుము వెడల్పు ఉన్న గొర్రెలకే కట్టించండి. తొలిచూలువాటికి మన నల్ల పొట్టేలే మేలు.

రెండవది, పచ్చిక ఉండే నెలల్లో ఈత పడేలా ఐదు నెలలు వెనక్కి లెక్కపెట్టి పొట్టేలును మందలోకి వదలండి. మిగతా రోజులు వేరుగా కట్టేయండి.

మూడవది, మందలో మూడో వంతుకు మించి సంకరానికి పెట్టకండి. మిగతా మందను శుద్ధంగా, నల్ల పొట్టేలుతో నడపండి. బ్రిటన్ కొండ మీది మంద వంటిది మీకు అదే.

నాలుగవది, సంకర పోతు పిల్లలను సంతకు పంపండి. విత్తనానికి ఉంచకండి. ఏ పొట్టేలునైనా రెండేళ్ళకు మార్చండి. లేకపోతే తన కూతుళ్ళకే కడుతుంది.

ఐదవది, కొత్తగా తెచ్చిన జీవాన్ని మూడు వారాలు మందకు దూరంగా ఉంచండి. నట్టల మందు, టీకాల సంగతి పశువైద్యుని అడిగి చేయించండి. పుట్టిన పిల్లకు మొదటి గంటలోనే ముర్రుపాలు తాగించండి. వేయి రూపాయల మందు చేయలేని మేలు ఆ గుక్కెడు పాలు చేస్తాయి.

సామెతలు 27లో తన మంద స్థితిని జాగ్రత్తగా ఎరిగియుండమని దేవుడు కాపరికి చెప్పాడు. సంతలోని పొట్టేలు స్థితి దాని తర్వాతి మాట.

కాపరులమైన మా సంగతి

ఇక మా తప్పు. ఆ ఆదివారము పొట్టేలు మీద చెయ్యి పెట్టి వృద్ధి కోసము ప్రార్థించాము. "తమ్ముడూ, ఎండాకాలము మేతకు ఏమి చేస్తావు?" అని ఒక్క మాట అడగలేదు. ప్రార్థన చేసి, టీ తాగి వచ్చేశాము. ఆ నాలుగు గొర్రెల గురించి తలచుకున్నప్పుడల్లా మాకు సిగ్గు కలుగుతుంది.

ఆదికాండము 33లో ఏశావు కలిసి ముందుకు సాగుదాము రమ్మంటే, యాకోబు ఒప్పుకోలేదు. పిల్లలు లేతవారనీ, పాలిచ్చే గొర్రెలూ పశువులూ తన దగ్గర ఉన్నాయనీ, ఒక్క రోజు వడిగా తోలితే మంద అంతా చస్తుందనీ చెప్పాడు. మంద ఎంత నడవగలదో అంతే నడుస్తానన్నాడు. మంచి కాపరి అడుగు మందలోకెల్లా బలహీనమైన తల్లి అడుగుతో సమానంగా ఉంటుంది. యెషయా 40లో మన దేవుడు పాలిచ్చేవాటిని మెల్లగా నడిపిస్తాడని చదువుతాము. ఆయన మన సంఖ్యను చూసే ముందు మన బలమును చూస్తాడు.

సంఘములోనూ ఇదే జరుగుతుంది. కూడికకు ఎంతమంది వచ్చారు, బాప్తిస్మములు ఎన్ని అయ్యాయి అని మేము లెక్క వేసుకుంటాము. కొత్తగా పుట్టిన బిడ్డలకు వాక్యమనే పాలు ఎవరు ఇస్తున్నారో అంతగా లెక్క వేయము. పదకొండు పిల్లలు పాలు లేక చచ్చిన దొడ్డిని చూశాక, మా సంఘ పుస్తకము తెరిచి, గత మూడేళ్ళలో బాప్తిస్మము పొంది ఇప్పుడు కనబడనివారి పేర్లు రాసుకున్నాము. ఆ చీటీ ఇప్పుడు మా బైబిలులో ఉంది. ఒక్కొక్క ఇంటికి వెళ్తున్నాము.

ఆ సహోదరునికి ఇప్పుడు పద్నాలుగు పిల్లలు మిగిలాయి. పొట్టేలును అమ్మలేదు, పెద్ద గొర్రెలకు మాత్రమే కట్టిస్తానన్నాడు. సంఘ పెద్దలతో మాట్లాడి రెండు పనులు నిర్ణయించుకున్నాము. కోత పండుగ కానుకలలో కొంత ఆ తాకట్టు కమ్మలను విడిపించడానికి. మందిరము వెనుక ఖాళీగా ఉన్న అర ఎకరములో దశరథ గడ్డి, గట్ల మీద అవిసె, సుబాబుల్ వేసి, ఎండాకాలములో ఈనిన గొర్రెలున్న ఏ ఇంటివారైనా కోసుకోవడానికి. ఏ మతమువారైనా, ఏ కులమువారైనా సరే. వచ్చే శనివారము తొలి దుక్కి. పారలు, గడ్డపారలు తెచ్చుకొని రండి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మందను మాకు అప్పగించినందుకు స్తోత్రము. లెక్క చూడక చేసిన మా తొందరను, అడగవలసినది అడగని మా నిర్లక్ష్యమును క్షమించండి. శాపమనే భయములో ఉన్న మీ బిడ్డను ఆదరించండి. చూలు గొర్రెలకు మేతను, లేత పిల్లలకు పాలను దయచేయండి. బలహీనుల అడుగుతో నడిచే కాపరులనుగా మమ్మును చేయుమని, మంచి కాపరియైన యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ. ఆమేన్.